రాలిన గింజలు – వయసుతో పరుగిడు కాలము, శరణుల బోధ

పెద్దవంగరలో ఒక లింగవంతుల గృహమును భావింపవచ్చును. మాఘ బహుళము. ఇంకను చలి పూర్తిగా తగ్గలేదు. అరువది నాలుగేండ్ల వృద్ధురాలు అరుగుమీద కూర్చుండి చిక్కుడుకాయల ఈనెలు తీయుచున్నది. ప్రక్కన ఎనిమిదేండ్ల మనుమరాలు పుస్తకము తెరచి పెట్టుకొని, చూపు మాత్రము వీధివైపు నిలిపియున్నది.

“నాయనమ్మా, శివరాత్రి ఇంకెన్ని దినాలకు వస్తది?”

“వారం దినాలే గదనే.”

“వారమా! అన్ని దినాలు ఎప్పుడు గడుస్తయ్?”

“ఎప్పుడేంది బిడ్డా, పోయిన శివరాత్రికి పాలకుర్తి గుట్టకు వోయొచ్చింది నిన్నమొన్న లెక్కనే ఉన్నది. అప్పుడే ఏడాది తిరిగొచ్చె!”

ఒకే అరుగు, ఒకే ఉదయము, ఒకే పండుగ. అయినను ఒకరికి ఏడు దినములు దాటరాని యేరు, మరొకరికి మూడువందల యరువది యైదు దినములు ఒక్క అంగ. ఇద్దరును అసత్యమాడుట లేదు.

బాలిక బడికి వెడలిన పిదప వృద్ధురాలు పొరుగింటి ఆమెతో మరియొక మాట అనును. “ఆయన పోయి ఆరేండ్లాయె. నలభై ఏండ్లు కలిసి బతికినం. దినాం పొద్దుగాల ఈ అరుగు మీదనే కూసుండి చాయ తాగేటోడు. ఆఖరి ఏడాది ఏ పొద్దు ఏం మాట్లాడిండో ఒక్కటి యాదికొస్తలేదు. దవాఖానకు వోయిన దినమొక్కటే యాదున్నది.”

ఈ మాట యొక్క బరువును ప్రతి కుటుంబమును గ్రహింపవలసియున్నది. ఆమెకు మతిమరుపు లేదు. పెండ్లినాటి పందిరి, తొలి చూలునాటి వాన, మొదటిసారి ఇంటికి కరెంటు వచ్చిన రాత్రి ఆమెకు కన్నులకు గట్టినట్లున్నవి. మరువబడినవి వేల కొలది సామాన్యోదయములు. నిజమునకు ఆమె సంసారమంతయు ఆ ఉదయములలోనే యున్నది. పోయినది భర్త మాత్రమే కాదు. ఆయనతో గడపిన దినములు కూడ చేజారినవి. ఈ నష్టము ఎట్లు కలుగును, దీనికి శరణులు చూపిన మార్గమేమి అనునదియే ఈ పాఠము.

1. కాలము ఏల పరుగిడును?

వయసు పెరుగుకొలది ఏండ్లు త్వరగా గడచుచున్నవను మాట ఏ యొక్క ఊరిదియు కాదు. ఫ్రాన్సుదేశపు తత్త్వవేత్త పాల్ జానె 1877లో దీనికొక లెక్కను చెప్పెను. మనుష్యుడు ఒక సంవత్సరమును తాను అంతవరకు జీవించిన ఆయువుతో పోల్చి కొలుచునని ఆయన యూహ. ఎనిమిదేండ్ల బాలికకు ఒక సంవత్సరము ఆయువులో ఎనిమిదవ వంతు. అరువది నాలుగేండ్ల నాయనమ్మకు అదియే సంవత్సరము అరువది నాలుగవ వంతు. ఈ లెక్కను బట్టి మనుమరాలి యొక్క యేడు నాయనమ్మకు ఎనిమిదేండ్లతో సమానము. ఇక ఆ బిడ్డ శివరాత్రికై వేగిరపడుటలో వింత యేమున్నది!

అమెరికా మనస్తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో వెలువరించిన తన మనస్తత్త్వశాస్త్ర గ్రంథమునందు ఈ లెక్కను ప్రస్తావించి, ఇంతటితో కారణము తెలిసినట్లు కాదని భావించెను. ఆయన చూపిన కారణము వేరు. బాల్యమునందు ప్రతిదినము ఏదో యొక క్రొత్త అనుభవము కలుగుచుండును. తొలిసారి చెరువులో దిగుట, తొలిసారి బస్సెక్కుట, తొలిసారి ఏరుదాటి పొరుగూరికి పోవుట – ఇవన్నియు మనసులో గట్టిగా నాటుకొనును. వయసు వచ్చుకొలది ఈ అనుభవములు అలవాట్లుగా మారును. అలవాటైన దానిని మనసు వ్రాసికొనదు. వ్రాయని పుటలు ఎన్నియున్నను, త్రిప్పి చూచునప్పుడు పుస్తకము పలుచగానే తోచును.

ఈ విషయమును ఇటీవలి పరిశోధకులును పరీక్షించిరి. 2005లో ప్రకటింపబడిన ఒక పరిశోధనయందు మార్క్ విట్‌మన్, సాండ్రా లేన్‌హోఫ్ అనువారు 14 మొదలు 94 ఏండ్ల వయసు గల 499 మందిని ప్రశ్నించిరి. గడచిన వారము, నెల, సంవత్సరము ఎంత వేగముగా గడచినట్లు తోచెనని యడుగగా పిన్నల సమాధానమునకును పెద్దల సమాధానమునకును గొప్ప భేదము కనబడలేదు. గడచిన పదియేండ్లను గూర్చి యడిగినప్పుడు మాత్రము, వయసు ఎక్కువ గలవారు అవి మరింత వేగముగా గడచినట్లు చెప్పిరి. ఆ భేదమును స్వల్పమే. విలియం ఫ్రీడ్‌మన్, స్టీవ్ జాన్సెన్ అనువారు 2010లో ప్రకటించిన పరిశోధన మరియొక సంగతిని తెలిపినది: వయసు ఏదైనను, “చేయవలసిన పనులకు తీరిక చాలుట లేదు” అను తొందర గలవారికి కాలము వేగముగా గడచినట్లు తోచుచుండెను.

వీనినుండి గ్రహింపదగిన సారాంశము రెండు మాటలలో చెప్పవచ్చును. గడచునప్పటి కాలము వేరు. వెనుదిరిగి చూచునప్పటి కాలము వేరు. పనిలేని వేసవి మధ్యాహ్నము గడచునప్పుడు ఎంతో దీర్ఘము. మరునాడు తలచికొనిన ఏమియు మిగులదు. జాతరనాడు పగలు ఎట్లు గడచెనో తెలియదు. అయినను ఆ యొక్క దినమును గూర్చి నెల దినములు చెప్పుకొనవచ్చును. కావున వృద్ధులను బాధించునది గడియారము కాదు. గమనింపబడక జారిపోయిన దినములే వెనుక ఖాళీగా నిలిచి, కాలము పరుగెత్తినట్లు తోపించుచున్నవి.

2. పాలకుర్తి కవి ఎవరిని వర్ణించెను?

పెద్దవంగర ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిది. 2016లో తెలంగాణమునందు జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. దానికి సమీపముననున్న పాలకుర్తి జనగామ జిల్లాలో చేరినది. జిల్లాల హద్దులు మారినను ఆ రెండు ఊళ్ల నడుమ రాకపోకలు మారలేదు. శివరాత్రికి సోమేశ్వరుని గుట్టకు పోవు దారియు మారలేదు. ఆ పాలకుర్తియే పాల్కురికి సోమనాథుని జన్మస్థానముగా ప్రసిద్ధి చెందినది.

సోమనాథుడు బసవపురాణమును దేశిచ్ఛందమైన ద్విపదయందు, సామాన్యులకు తెలియు జానుతెనుగునందు రచించెను. అంతకుముందు తెలుగులో మహాకావ్యములకు సంస్కృతేతిహాసములు మూలములు కాగా, ఈయన శివభక్తుల జీవితములను మూలముగా గ్రహించెను. ఆ భక్తులలో రాజులును కలరు. అయినను చాకలి, కుమ్మరి మొదలగు పనిపాటలవారును, పల్లె స్త్రీలును, పసిబిడ్డలును వారి సరసన సమానముగా కూర్చుండిరి. ఈ తెలుగు కావ్యమును భీమకవి 1369లో కన్నడమునకు మార్చుట చేత కన్నడదేశపు శరణులకును అది నిత్యపారాయణ గ్రంథమైనది. ఓరుగంటి సీమనుండి కన్నడదేశమునకు వెడలిన ఈ కానుకలో ముఖ్యాంశమేమి? దైవము గొప్ప సంఘటనలయందు మాత్రమే కాక, ఇంటిలోని చిన్న పనులయందును దొరకుననుట.

అందులోని బెజ్జమహాదేవి కథను ఈ దృష్టితో మరల చదువవలెను. శివునకు బంధువులు ఎందరో యున్నను తల్లి లేదని ఆమెకు తోచెను. తల్లియే యున్నచో బిడ్డను జడలు కట్టనిచ్చునా? బూడిద పూసికొననిచ్చునా? పాములతో ఆడనిచ్చునా? విషము త్రాగనిచ్చునా? ఇట్లు జాలిపడి ఆమె తానే శివునకు తల్లియయ్యెను. లింగమును శిశువుగా భావించి నీళ్లు పోసి, ఒడలు తుడిచి, పాలు త్రాగించి, జోకొట్టి నిదురపుచ్చెను. శివుడును బిడ్డయై ఆ సేవలందుకొనెను. ఒకనాడు బిడ్డ వ్యాధి నెపమున పాలు త్రాగకుండగా ఆ తల్లి ప్రాణములు విడుచుటకే సిద్ధపడెను. శివుడు ప్రత్యక్షమై అనుగ్రహించెను.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. ఆమె చేసిన పనులలో ఏ యొక్కటియు క్రొత్తది కాదు. ప్రతి పల్లెలో, ప్రతి తల్లియు దినమునకు పలుమారులు చేయు పనులే. అనేక వర్షములు తపస్సు చేసిన మునులకు దొరకనిది ఆమెకు నీళ్లు పోయుటలోను, జోకొట్టుటలోను దొరకెను. పని అదియే, దాని యందు నిలిచిన మనసు మాత్రము అపూర్వము. తండ్రి ఊరికి పోవుచు గుడిలో శివునకు పాలిచ్చి రమ్మని చెప్పగా, శివుడు నిజముగా త్రాగవలెనని పట్టుబట్టి ఏడ్చిన గొడగూచి కథయందును ఇదే రహస్యము. పెద్దలకు పాలు నివేదించుట ఒక అలవాటు. ఆ పసిబిడ్డకు అది తొలిసారి. కావుననే ఆమె “త్రాగుము” అనినప్పుడు ఆ మాటలో ప్రాణమున్నది.

3. లక్కమ్మ చెప్పిన లెక్క

పండ్రెండవ శతాబ్దమునందు కల్యాణనగరములో బిజ్జలుని కొలువునందున్న బసవేశ్వరుడు ధనాగారము నడపుచునే ధర్మమును నడపెను. సత్యమును వెదకుటకు సంసారమును, వృత్తిని విడువవలసిన పనిలేదని ఆయన తన బ్రతుకు చేతనే చూపెను. కాయకము, దాసోహము అను రెండింటిని శరణధర్మమునకు రెండు కన్నులుగా నిలిపెను. చేయు పనియందే కైలాసమును చూడవలెననుట కాయకము. దాని ఫలమును సంఘముతో పంచుకొనుట దాసోహము.

ఆ శరణులలో ఆయ్దక్కి మారయ్య యొకడు. కల్యాణనగర వీధులలో రాలిన బియ్యపు గింజలను ఏరి, వానితో జంగమార్చన చేయుట అతని కాయకము. ఆయ్దక్కి యను పేరే ‘ఏరిన బియ్యము’ అను అర్థముతో వచ్చినది. ఒకనాడు అతడు పెద్దల అనుభవగోష్ఠిలో మునిగి కాయకమును మరచెను. భార్య లక్కమ్మ అది గుర్తుచేసెను. మారయ్య పరుగున పోయి ఆనాడు మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. నేటికి కావలసినంతకు మించినది ఆశ యగునని చెప్పి, మిగులు బియ్యమును ఎక్కడ ఏరితివో అక్కడనే విడిచి రమ్మనెను.

ఈ కథను సాధారణముగా ధనాశను గూర్చి చెప్పుదురు. కాలమును గూర్చియు ఇది అంతే సత్యము. లక్కమ్మ మాటలో రెండు హెచ్చరికలు కలవు. మొదటిది: ఎంత గొప్ప తత్త్వచర్చయైనను నేటి పనిని మరపింపరాదు. రెండవది: రేపటికై నేడు కూడబెట్టరాదు. సామాన్య జీవితమునందు ఈ రెండు తప్పులును ప్రతిదినము జరుగుచునేయున్నవి. “పిల్ల పెండ్లి కానీ, తరువాత తీరికగా కూర్చుందుము”. “అప్పు తీరనీ, తరువాత తీర్థయాత్ర చేయుదుము”. “పదవీ విరమణము కానీ, తరువాత మనుమలతో ఆడుకొందుము” – ఇట్లు దినమును రేపటికి దాచిపెట్టువాడు మిగులు బియ్యము మూటగట్టిన మారయ్యయే. తేడా యొక్కటే. మారయ్యకు తిరిగి విడిచిపెట్టుటకు బియ్యమైనను మిగిలెను. ఇతనికి దినము మిగులదు.

నేటి కాలమున మరియొక మూట వచ్చినది. పండుగనాడు బిడ్డ క్రొత్త లంగా కట్టుకొని గడపలో నిలుచుండగా, పెద్దలు ఆమెను కన్నులార చూచుటకు ముందే ఫోనులో ఫొటో తీయుచున్నారు. తరువాత చూచుకొనవచ్చునని దాచుట. ఆ ఫొటోలు వేలకొలది పేరుకొనును. చూచు దినము రాదు. ఫొటో తీయుట దోషమని చెప్పుట కాదు. ముందు చూచి పిదప తీయవచ్చును. చూడక దాచినది మాత్రము ఏరిన గింజ కాజాలదు.

4. అర్పితము: ఆరు ద్వారములు

అట్లైన నేటి గింజలను ఏరుట ఎట్లు? ఇందుకు వీరశైవమున ‘అర్పితము’ అను సాధన కలదు. లింగమునకు అర్పింపనిదేదియు భక్తుడు అనుభవింపరాదు. అర్పించిన పిదప గ్రహించినది ప్రసాదము. ఇది భోజనమునకు మాత్రమే చెందిన నియమమని పలువురు తలంచుచున్నారు. పెద్దలు ఇంతకంటె విస్తరించి చెప్పిరి. షట్స్థల సిద్ధాంతమున ఆరు లింగములు ఆరు అనుభవ ద్వారములతో ముడిపడియున్నవి. ఆచారలింగమునకు ముక్కు ద్వారా గంధమును, గురులింగమునకు నాలుక ద్వారా రుచిని, శివలింగమునకు కన్ను ద్వారా రూపమును, జంగమలింగమునకు చర్మము ద్వారా స్పర్శను, ప్రసాదలింగమునకు చెవి ద్వారా శబ్దమును, మహాలింగమునకు హృదయము ద్వారా తృప్తిని అర్పింపవలెను.

దీనిని పెద్దవంగర సీమలోని దినచర్యతో పోల్చి చూచినచో ఇది ఎంత సులభమైన సాధనయో తెలియును.

మృగశిర కార్తెలో ఎండిన చెలకపై తొలకరి పడినప్పుడు లేచు మట్టివాసన ఆచారలింగమునకు అర్పితము. వేడి జొన్నరొట్టె తొలి ముక్క, పచ్చిపులుసులోని చింతపండు పులుపు, సర్వపిండిలోని నువ్వుల కమ్మదనము గురులింగమునకు అర్పితము. బతుకమ్మ దినములలో గట్లవెంట పూచిన తంగేడు పసుపు, నిండిన చెరువులో సాయంకాలపు వెలుగు శివలింగమునకు అర్పితము. పత్తి ఏరునప్పుడు చేతికి తగులు దూది మెత్తదనము, దానితోపాటే గీరుకొను ఎండిన కాయ పదును, నిదురించు మనుమని అరచేయి వెచ్చదనము జంగమలింగమునకు అర్పితము. గుడిగంట, కోడలు బావి గట్టున మాటాడు మాట, రాత్రి వానకు రేకులపై పుట్టు చప్పుడు ప్రసాదలింగమునకు అర్పితము. ఇన్నియు ముగిసి, దీపము తగ్గించి పడుకొనునప్పుడు “ఈ దినము చాలును” అని హృదయము నెమ్మదించుట మహాలింగమునకు అర్పితము.

అర్పించుటకు ఎంత కాలము పట్టును? ఒక్క ఊపిరి. కాని ఆ ఊపిరిలో ఒక మహాకార్యము జరుగుచున్నది. నోటిలోనికి పోవు ముద్ద, పోవుటకు ముందు ఒక క్షణము ఆగుచున్నది. ఆగిన దానిని మనసు చూచును. చూచిన దానిని వ్రాసికొనును. విలియం జేమ్స్ చెప్పిన అలవాటు అను నిదురను ఈ యొక్క ఆగుటయే భంగపరచుచున్నది. క్రొత్త అనుభవమునకై దేశదేశములు తిరుగుట కలవారికి సాధ్యము. పాతదానినే క్రొత్తగా అందుకొనుట కూలివానికిని సాధ్యము. శరణుల మార్గము అందరికొరకు ఏర్పడినది గనుక రెండవదానినే చూపినది.

5. కొన్ని సందేహములు

ఇచట జిజ్ఞాసువులకు కొన్ని సందేహములు కలుగవచ్చును.

మొదటిది: ఇష్టలింగపూజయు దినదినము ఒకే రీతిగా జరుగును గదా! అదే లింగము, అదే భస్మము, అదే పత్రి. అలవాటు కాలమును మ్రింగుననినచో పూజయు మ్రింగదా? మ్రింగును. ఇది దాచవలసిన సంగతి కాదు. ఫోను మ్రోగునేమోయని చెవి యొగ్గి, పెరుగు తోడు పెట్టితినా లేదా యని తలచుచు చేయు పూజ మిగిలిన అలవాట్లతో కలిసి మరుపున పడిపోవును. కాని ఇష్టలింగపూజలో ఒక విశేషమున్నది. లింగమును ఎడమ అరచేత నుంచుకొని ఱెప్పవేయక చూచుట దానికి ప్రాణము. మారని వస్తువును ఎదుట నుంచుకొని, మారుచున్న మనసును పట్టుకొనుటయే ఆ అభ్యాసము. రూపము మారనందుననే, నేటి చూపు నిన్నటి చూపువంటిది కాదని తెలియుచున్నది. పూజ కొంచెము సేపైనను అట్లు జరిగినచో, మిగిలిన దినమునకు అది చూచు విద్యను నేర్పును.

రెండవది: కాలమును సాగదీయుటయే ధర్మమా? కాదు. రోగికి రాత్రి దీర్ఘము. కొడుకు రాకకై ఎదురుచూచు తల్లికి సాయంకాలము దీర్ఘము. దీర్ఘత్వము దానంతటది వరము కాదు. అర్పితము చేసినచో గడియారము నెమ్మదించునని శరణులు చెప్పలేదు. ప్రసాదమునకు కొలత లేదు. ఒక్క మెతుకైనను ప్రసాదమే. కోరదగినది పొడుగైన దినము కాదు, అందుకొనబడిన దినము.

మూడవది: నాట్ల కాలమున ఉదయమునుండి నడుము వంచినవారికి, అప్పుల చింతలోనున్న రైతునకు ఈ బోధ చెప్పుట న్యాయమా? తొందర యను భావమే కాలమును పరుగెత్తించునని పరిశోధనయు తెలిపినది గదా. ఆ తొందర పలువురకు కోరి తెచ్చుకొనినది కాదు. కావున కష్టములోనున్నవానికి “క్షణమును ఆస్వాదింపుము” అని ఉపదేశించుటకు ముందు అతని భారములో పాలుపంచుకొనవలెను. దాసోహము ఇందులకే విధింపబడినది. ఒకని పని మరియొకడు కొంత పంచుకొనినచో, ఇద్దరకును ఊపిరి తీసికొను తెరపి దొరకును. కాయకము దాసోహమును విడిచి నిలువజాలదనుటకు ఇది మరియొక నిదర్శనము.

6. గృహములకు, మఠములకు అభ్యాసము

ఈ పాఠమును చదివి విడువక, వచ్చు మూడు నెలలు ఈ క్రింది నియమములలో ఒక్కదానినైనను పాటించుట మేలు.

ఒకటి: ఉదయ పూజకు కూర్చుండుటకు ముందు ఫోనును వేరొక గదిలో నుంచవలెను. పూజ ఎంత సేపు జరిగినదని కాక, ఎన్నిమారులు మనసు తిరిగి వచ్చినదని చూచుకొనవలెను.

రెండు: భోజనమునందు తొలి ముద్దను మాటలాడక గ్రహింపవలెను. మఠముల దాసోహపంక్తిలోను పెద్దలు ఈ పద్ధతిని నెలకొల్పవచ్చును. అన్నము వండినవారిని, పండించినవారిని ఆ క్షణమున తలచుట యుక్తము.

మూడు: దినమున ఒక చిన్నపనిని బెజ్జమహాదేవివలె చేయవలెను. వృద్ధ తండ్రి కాళ్లు కడుగుట కావచ్చును, బిడ్డకు జడ వేయుట కావచ్చును. ఆ పని ముగియువరకు మరియొక పని తలపునకు రానీయరాదు.

నాలుగు: రాత్రి భోజనానంతరము ఇంటివారందరు ఒకచోట చేరి, ఆ దినమున ఏరుకొనిన ఒక్కొక్క గింజను చెప్పుకొనవలెను. గొప్ప విషయములు అక్కరలేదు. “ఇయ్యాల బడి కాడ చింతచెట్టు మీద రామచిలుకలు చూసిన” అని బిడ్డ చెప్పిన చాలును. చెప్పబడినది రెండుమారులు జీవింపబడినట్లగును. పట్టణమునందున్న కొడుకులు, కోడళ్లు ఫోనులో మాటాడునప్పుడును “అంతా బాగేనా?” అని ఊరకుండక ఇదే ప్రశ్న యడుగవచ్చును. “అంతా బాగే” అను జవాబునందు ఏ దినమును మిగులదు.

ఐదు: ఇంటిలోని వృద్ధులు తమకు జ్ఞాపకమున్న సామాన్య దినములను పిల్లలకు చెప్పవలెను. పెండ్లిళ్లు, జాతరలు పిల్లలు ఎట్లును విందురు. ఆనాడు నీరు ఎచటినుండి తెచ్చిరి, దీపము ఎట్లు వెలిగించిరి, అలసిన రాత్రి ఏమి పాడుకొనిరి – ఇవి చెప్పకున్న వారితోనే పోవును.

7. మననమునకు ప్రశ్నలు

నిన్నటి ఉదయమున ఇంటివారిలో ఒకరు చెప్పిన ఒక మాటను, ఉన్నదున్నట్లు జ్ఞాపకము తెచ్చుకొనుట సాధ్యమా?

లక్కమ్మ విడిచి రమ్మనిన మిగులు బియ్యము ఈ గృహమునందు ఏ రూపమున నున్నది?

ఆరు ద్వారములలో దేనికి అర్పించుట పూర్తిగా మరుగున పడినది?

ఇంటిలో ఎవరికి ఊపిరి తీసికొను తెరపి లేదు? ఆ భారములో ఎవరు పాలుపంచుకొనగలరు?

ముగింపు

మరల ఆ అరుగును చూడవచ్చును. సాయంకాలమైనది. బాలిక బడినుండి వచ్చి సంచి పడవైచి, నాయనమ్మ ప్రక్కన చేరినది. పోయిన ఉదయములు ఆ వృద్ధురాలికి తిరిగిరావు. మరచిన మాటలను ఏ సాధనయు మరల వినిపింపజాలదు. శరణులును అట్టి వాగ్దానము చేయలేదు. కాని మారయ్య నిన్న రాలిన గింజలకై ఏడ్చుచు కూర్చుండలేదు. నేటి వీధిలో నేటి గింజలు రాలియుండును.

“శివరాత్రికి ఇంకెన్ని దినాలు నాయనమ్మా?” అని బిడ్డ మరల అడుగును.

ఉదయమున “వారం దినాలే” అని త్రోసివేసిన ఆమె ఈ మారు తొందరపడదు. చేతిలోని పని ప్రక్కన పెట్టి, బిడ్డను దగ్గరకు తీసికొని, చిన్న వ్రేళ్లు ఒక్కొక్కటిగా ముడిచి లెక్కపెట్టించును. “ఇయ్యాల ఒకటి. రేపు రెండు…” ఏడు దినములు లెక్కించునంతసేపు ఆ చిన్న చేయి ఆమె చేతిలోనే యుండును. ఏడును ముగియును. ఆమె దానిని వెంటనే విడువదు.

అది జంగమలింగమునకు అర్పితము. ఆ దినము ప్రసాదము.

శరణు శరణార్థి.